ఊరికి సొంత నిఘా మనుషులు: పెట్టిన డబ్బుకు ఫలితం దక్కుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కోనసీమలో కాలువ గట్టున ఉన్న పంచాయతీ, సుమారు 900 గడప. కాలువలోకి కోడి వ్యర్థాల బస్తాలు విసురుతున్నారు. రాత్రిళ్లు కొబ్బరికాయలు, మోటారు వైర్లు పోతున్నాయి. బెల్టు షాపు దగ్గర తగాదాలు, ఊరి రోడ్డు మీద కుర్రాళ్ల బైకు పందాలు. పోలీస్ స్టేషన్ దూరం. ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఊరివాళ్లు అక్కడి కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లను చూసి, మన ఊళ్లోనూ అలాంటివాళ్లను పెడదాం, ఏడాదికి 6 లక్షలు పంపుతాం అన్నారట. నలుగురు స్థానిక కుర్రాళ్లకు నెలకు 12,000 ఇచ్చి, ఖాకీ బట్టలు కుట్టించి, తప్పు చేసినవాళ్ల దగ్గర జరిమానా వసూలు చేయిద్దామని మీ ఆలోచన. ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుందా అని అడిగారు.

ఉంటుంది. కాకపోతే నలుగురు వద్దు, ఇద్దరు చాలు. ఖాకీ వద్దు. జరిమానా పుస్తకం అసలే వద్దు. మిగిలే డబ్బు వీధి దీపాలకూ చెత్త బండికీ పెట్టండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను పంచాయతీ కార్యదర్శిగా చేరి మండల విస్తరణాధికారిగా రిటైరయ్యాను. ఉద్యోగమంతా కోనసీమలోనూ, గోదావరికి అవతల పాలకొల్లు, నరసాపురం వైపునా గడిచింది. ఊరి కాపలా, చెత్త జరిమానా, గట్టు కాపలా లాంటి ఏర్పాట్లు పెట్టడమూ చూశాను, ఎత్తేయడమూ చూశాను.

ముందు ఇంగ్లండ్ సంగతి. అక్కడి సపోర్ట్ ఆఫీసర్లు 2002 పోలీసు సంస్కరణల చట్టంతో వచ్చారు. వాళ్లు ఊరివాళ్లు చందాలు వేసుకుని పెట్టుకున్న మనుషులు కారు. పోలీసు శాఖ జీతం ఇస్తుంది, అక్కడి పోలీసు శాఖకు పెద్ద అయిన చీఫ్ కానిస్టేబుల్‌కు జవాబుదారీ. అయినా పోలీసుకున్న అరెస్టు అధికారం వాళ్లకు లేదు. అధికారం రాసిచ్చిన చోట మనిషిని అరగంట ఆపి ఉంచగలరు, కొన్ని చిన్న తప్పులకు జరిమానా చీటీ ఇవ్వగలరు, అంతే. మీ ఊరివాళ్లకు అక్కడ నచ్చింది వీధిలో రోజూ కనబడే మనిషి. ఆ మనిషి వెనక ఎంత వ్యవస్థ ఉందో రోడ్డు మీద నడిచేవాడికి కనబడదు. ఆ వ్యవస్థ లేకుండా మనిషిని మాత్రం ఇక్కడికి తెచ్చుకోవాలనుకుంటున్నారు.

మన దగ్గర చట్టం ఎక్కడిదాకా ఒప్పుకుంటుందో చూడండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 40 ప్రకారం, కళ్లెదుట బెయిలు లేని, వారంటు అక్కర్లేని నేరం జరిగితే ఎవరైనా సరే చేసినవాణ్ని పట్టుకోవచ్చు. ఆలస్యం చేయకుండా, 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. మీకూ నాకూ ఉన్న హక్కే మీ కాపలావాడికీ ఉంది, ఆవగింజంత కూడా ఎక్కువ లేదు. కొబ్బరితోటలో అనుమానంగా తిరుగుతున్నాడని ఎవరినైనా గదిలో పెట్టి తాళం వేస్తే కేసు మీవాడి మీదే పడుతుంది. ఖాకీ వేసి పోలీసులా కనబడేట్టు తిప్పితే అది మరో నేరం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 205 అందుకోసమే ఉంది. నీలం చొక్కా, వీపు మీద పంచాయతీ పేరు చాలు.

ఇక జరిమానా. పంచాయతీ తరఫున డబ్బు కట్టించుకోవాలంటే తీర్మానం, రసీదు, పంచాయతీ ఖాతా మూడూ ఉండాలి. చందాలతో నడిచే సంఘం మనిషి రోడ్డు మీద నిలబడి 200 తీసుకుంటే దానికి ఊళ్లో వాడే పేరు మామూలు. మొదటి నెలలోనే ఆ మాట పుడుతుంది.

చట్టం కంటే నాకు భయం వేసేది ఇంకొకటి. ఊరి మనిషికి ఊరివాళ్లను శిక్షించే అధికారం ఇవ్వడం మన జిల్లాలకు కొత్తేమీ కాదు. 1816లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన 11వ రెగ్యులేషన్‌తో మునసబు ఊరి పోలీసు అధికారి అయ్యాడు, తలారి అతని మనిషి. తిట్టుకోవడం, కొట్టుకోవడం లాంటి చిన్న తగాదాల్లో మునసబు మనిషిని చావడిలో 12 గంటల దాకా నిర్బంధించవచ్చు. 'కింది కులాల' వాడైతే 6 గంటల దాకా బొండకొయ్యలో కాళ్లు బిగించవచ్చు. ఆ తేడా ఎవరో చాటున చేసినది కాదు, రెగ్యులేషన్‌లోనే రాసి ఉంది. మునసబు, కరణం ఉద్యోగాలు 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా సాగాయి. పాత కథ ఇప్పుడెందుకు అనుకోకండి.

ఒక మండలంలో చెత్త వేసినవాళ్లకు జరిమానా రాయడానికి ఇద్దరు కుర్రాళ్లను పెట్టారు. మంచి పిల్లలే, డిగ్రీ చదివినవాళ్లు. తనిఖీలో రసీదు పుస్తకం నా చేతికి వచ్చింది. డబ్బు లెక్క పైసాతో సహా సరిపోయింది. ఇంటిపేర్లు చదువుకుంటూ పోతే దాదాపు అన్నీ ఒకే పేటవి, అంటే దళితవాడవి. పుస్తకం పట్టుకుని ఊళ్లో నడిచాను. మెయిన్ రోడ్డు మీద కల్యాణ మండపం వెనక ఎంగిలి విస్తళ్ల గుట్ట, దాని మీద కుక్కలు. ఆ మండపం పేరున ఒక్క రసీదూ లేదు. ఏమయ్యా అంటే ఆ కుర్రాడు నేల చూపులు చూస్తూ, "ఆయన్ని ఎలా అడుగుతామండి, మా నాన్న ఆయన చేనే కౌలుకు చేస్తున్నాడు" అన్నాడు.

వాడిలో అన్యాయం ఏమీ లేదు. ఊళ్లో బతకాలి, అంతే. నగరంలో జరిమానా రాసిన ఉద్యోగి సాయంత్రం ఇంకో కాలనీకి వెళ్లిపోతాడు. మీ కుర్రాడు సాయంత్రం అదే రామాలయం అరుగు మీద కూర్చోవాలి. కౌలు, అప్పు, చుట్టరికం, కులం, పార్టీ అన్నీ వాడి చేతిలోని పెన్నును పట్టుకుని లాగుతాయి. అందుకే జరిమానాలు ఎప్పుడూ ఎదురు చెప్పలేనివాళ్ల మీదే పడతాయి. సంక్రాంతి మూడు రోజులూ తలచుకోండి. కోడిపందాలు జంతుహింస నిరోధక చట్టం కిందా, రాష్ట్ర జూద చట్టం కిందా నేరమే. బరి పెట్టించింది ఎవరో ఊరందరికీ తెలుసు. అక్కడ మీవాడు ఏం రాస్తాడు? గుండాట జూదం బోర్డు పక్కన నిలబడి జనాన్ని సర్దుతాడు.

మరి స్థానికుడి వల్ల లాభం లేదా అంటే, బోలెడు ఉంది. అతనికి అందరూ తెలియడమే లాభం. జరిమానా పుస్తకం ఇస్తే ఆ లాభం కాస్తా పోతుంది.

ఇంకో ఊళ్లో నీటిపారుదల శాఖలో కాలువలు, తూములు చూసుకునే లస్కరుగా రిటైరైన ఒకాయన్ని కాలువ చూసే పనికి పెట్టారు. బోదె (పిల్ల కాలువ) తూము కమ్మీలకు బస్తాలు అడ్డం పడి దిగువకు నీళ్లు వెళ్లడం లేదని చివరి పొలాల రైతులు రోజూ గొడవ. ఈయన వెదురుకు కొక్కెం కట్టుకుని బస్తా గట్టు మీదకు లాగి, మూతి విప్పి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వెతికేవాడు. ఈకలు, కాళ్లు, పేగుల మధ్య ఏదో ఒక ఆనవాలు దొరికేది. ఓ ఆదివారం కోళ్ల వేన్ వాళ్లు ఇచ్చిన తూకం చీటీ దొరికింది, షాపు పేరుతో సహా. బస్తాను సైకిలు వెనక కట్టుకుని, దారంతా నీళ్లు కారుతుండగా ఆ షాపుకు వెళ్లి, కొనడానికి వరుసలో నిలబడ్డవాళ్ల ముందు దింపాడు. "అబ్బాయ్, నీ సామాను కాలువలో మర్చిపోయావ్. తూకం సరిచూసుకో" అన్నాడు. రూపాయి జరిమానా లేదు. ఆ షాపాయన వెంటనే దొడ్లో గొయ్యి తవ్వించి సున్నం తెప్పించాడు. ఆ ఊళ్లో మిగతా షాపుల్లో రెండు అదే దారి పట్టాయి, సిగ్గుకు అంత పని చేసే శక్తి ఉంది. అయితే ఇంకో చిన్న కొట్టువాడు మాత్రం పక్క ఊరి గట్టుకు మారాడు. ఇది లెక్కలో రాసుకోండి: మీ ఊళ్లో తగ్గింది పక్క ఊళ్లో పెరిగితే కాలువకు ఒరిగేది ఏమీ లేదు. ఎగువ పంచాయతీతో ముందే మాట్లాడుకోవాలి.

స్థానికుడి విలువ అన్నిటికన్నా ఎక్కువ తెలిసేది వరదలప్పుడు. మీరు దొంగతనాల గురించే రాశారు గానీ గోదావరి పక్కన ఉన్నవాళ్లు దీన్ని మర్చిపోకూడదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండోది దాటిందంటే గట్టు మీద రాత్రంతా మనిషి తిరగాలి. ఏ మలుపులో ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు ఉన్నాయో, పోయిన వరదలో ఎక్కడ జారిందో ఊరివాడికే తెలుస్తుంది. గట్టుకు ఇవతల నీళ్లు ఊరుతుంటే లైటు వేసి రంగు చూడాలి. తేటగా ఊరితే కనిపెట్టుకుని ఉండొచ్చు. బురదగా వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట, వెంటనే చుట్టూ ఇసుక బస్తాలు పేర్చాలి, ఇంజనీరుకు ఫోన్ కొట్టాలి. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్లకు గండి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2022 జూలైలో గోదావరి మధ్య లంకల్లో పడవలకు దారి చూపించిందీ స్థానికులే. జీతం మీద ఇద్దరు మనుషులు ఉండి, ఏడాదంతా ఆ గట్టు మీద తిరిగినవాళ్లయితే, ఆ నాలుగు రోజులకే మీ ఏడాది ఖర్చు గిట్టుబాటు అయిపోతుంది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మంచినీళ్ల చెరువు చూసుకోవడం కూడా ఇలాంటిదే. గేదెలు దిగకుండా, బట్టలు ఉతక్కుండా చూడాలి.

దొంగతనాలకు వస్తే అంత ఆశ పెట్టుకోవద్దు. రాత్రి తిరిగే మనిషి ఉంటే కొబ్బరి రాశుల దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర అలికిడి తగ్గుతుంది, అది నిజమే. కానీ దొంగకు కూడా ఈలపాట వినబడుతుంది. గూర్ఖా ఈల వేసుకుంటూ ఆ వీధిలోకి వెళ్లాడంటే ఈ వీధి ఖాళీ అని అర్థం. తిరిగే వేళలు రోజూ మార్చాలి, ఈల మానాలి.

రొయ్యల చెరువులవాళ్లు కలిసి కాపలా పెట్టుకోవడం నేను చాలాచోట్ల చూశాను. చెరువు వాళ్లది, నీళ్లలోకి గాలి పట్టించే ఏరియేటర్లు వాళ్లవి, మేత బస్తాలు వాళ్లవి, కాబట్టి ఎవరిని రానివ్వాలో తెలుసు, పని బాగానే నడుస్తుంది. అలాంటి ఒకచోట రాత్రి గట్టు మీద కనబడ్డ మనిషిని దొంగ అనుకుని ఏరియేటర్ స్తంభానికి కట్టేసి కొట్టారు. తెల్లారాక చూస్తే మతి స్థిమితం లేని మనిషి, పక్క మండలం నుంచి తప్పిపోయి వచ్చాడు. కేసు కాపలావాళ్ల మీదే కాక వాళ్లను పెట్టిన లీజుదారుల మీదకూ వచ్చింది. వాళ్ల కాపలా ఖర్చు ఎంతని అడిగితే జీతాలు చెప్తారు. కోర్టు చుట్టూ తిరిగిన డబ్బు ఎవరూ కలపరు.

ప్రభుత్వాలకే ఇది పట్టు చిక్కలేదు. తమిళనాడులో 1993లో రామనాథపురంలో మొదలైన, పోలీసులకు సాయపడే వాలంటీర్ల ఏర్పాటు ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్‌కు చాలా మంచి పేరు ఉండేది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసుల చేతిలో దెబ్బలు తిని కస్టడీలో చనిపోయినప్పుడు, ఆ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలు వచ్చాయి. మరుసటి నెలలోనే ప్రభుత్వం వాళ్లను నిషేధించింది. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన కుర్రాళ్లను గౌరవ వేతనం మీద స్పెషల్ పోలీసులుగా పెట్టి మావోయిస్టుల మీదకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తేల్చింది. మీ ఊరికీ దానికీ పోలికే లేదు, ఒప్పుకుంటాను. కానీ తక్కువ జీతం, తక్కువ శిక్షణ, చేతిలో కర్ర, వెనక పోలీసులున్నారన్న ధీమా, ఈ నాలుగూ ఒకచోట చేరకుండా చూసుకోవాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. నలుగురికి జీతాలే ఏడాదికి 5,76,000. అంటే ఆరు లక్షల్లో రెయిన్ కోట్లకూ టార్చిలైట్లకూ మిగిలేది 24,000. ఒకరికి కాలు విరిగినా, ఒకరు మానేసినా, పండక్కి బోనస్ అడిగినా లెక్క తప్పుతుంది. ఇద్దరికైతే 2,88,000. మిగిలిన 3,12,000తో చెయ్యాల్సింది చాలా ఉంది.

మొదటిది చెత్త బండి. మీ ఊళ్లో చెత్త రిక్షా కాలువ గట్టు వీధికి వస్తుందా? చాలా ఊళ్లలో రాదు, వచ్చినా జనం పొలాలకు వెళ్లిపోయాక వస్తుంది. బండి రాని వీధికి నిఘా మనిషిని పంపితే వాడికి దక్కేవి తిట్లే. ముందు బండి పొద్దున్నే వచ్చేట్టు చేయండి, కోడి షాపులకు విడిగా డ్రమ్ములు ఇచ్చి రోజూ ఎత్తండి. అప్పటికీ కాలువలో పడే బస్తాలే మీ అసలు సమస్య. ఆ మిగిలినదానికి నలుగురు అక్కర్లేదు. రెండోది దీపాలు. బెల్టు షాపు సందులో, లాకుల దగ్గర, కొబ్బరి రాశులు పోసే చోట స్తంభాలకు లైట్లు ఉన్నాయో లేదో ఒక రాత్రి మీరే నడిచి చూడండి.

కనబడని ఖర్చులు మూడు చెప్తాను. ఒకటి, వాళ్ల మీద అజమాయిషీ. రోజూ ఎవరో ఒకరు ఆ ఇద్దరితో మాట్లాడి, ఎక్కడెక్కడ తిరిగారో రాయించి, ఫిర్యాదులు వినాలి. జీతం లేని ఆ పని ఎవరు చేస్తారో తేల్చకుండా మొదలుపెట్టకండి. సర్పంచ్ చేస్తే ఎన్నికలు రాగానే వాళ్లు సర్పంచ్ మనుషులైపోతారు, పార్టీ మారితే మనుషులూ మారతారు. కార్యదర్శి, ఒక డ్వాక్రా సంఘం లీడరు, పేట నుంచి ఒకరు, రైతుల్లో ఒకరు కూర్చుని వారానికోసారి పుస్తకం చూస్తే కొంత నయం.

రెండోది, విదేశీ చందా. మొదటి ఏడాది ఉత్సాహంగా వస్తుంది. మూడో ఏడాది సగమవుతుంది. అప్పుడు వాళ్లను తీసేస్తే ఇద్దరి ఇళ్లలో పొయ్యి ఆరుతుంది, ఊళ్లో కొత్త పగలు మొదలవుతాయి. గడపకు నెలకు 50 అడగండి. 540 గడపలు ఇచ్చినా 27,000, ఇద్దరి జీతాలకు సరిపోతుంది. డబ్బు ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు, ఆ అడగడం కూడా మీకు లాభమే. ఇవ్వనివాళ్ల వీధిలో కూడా తిరగాలని మాత్రం రాసుకోండి, లేకపోతే ఆరు నెలల్లో అది పైవీధుల కాపలా అవుతుంది.

మూడోది, బీమా. రాత్రి గట్టు మీద పాము కాటు, బైకు గుద్దడం ఊహించలేనివేమీ కాదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. అది కనీసం. దాని పైన గ్రూపు పాలసీ ఒకటి తీసుకోండి.

బెల్టు షాపు గొడవలకు, ఆడవాళ్ల ఇబ్బందులకు కొత్త మనుషులు ఎందుకు? 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు గ్రామ మహిళా సంరక్షణ కార్యదర్శి పోస్టు ఇచ్చారు. మీ సచివాలయంలో ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే ఆవిడ దగ్గరకు డ్వాక్రా సంఘాలవాళ్లను తీసుకెళ్లండి. ఏ ఇంట్లో సీసాలు దించుతున్నారో సంఘం మీటింగులో అందరికీ తెలిసే ఉంటుంది, కాపలావాడు కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. బైకు పందాలకు ఎస్సై రెండు ఆదివారాలు వచ్చి నాలుగు బళ్లు స్టేషన్‌కు తీసుకెళ్తే జరిగే పని, మీ ఇద్దరూ ఏడాది అరిచినా జరగదు.

మనిషి ఎంపికలో కండలు చూడకండి. నా అనుభవంలో నలభై దాటిన లస్కర్లు, లైన్‌మన్ల దగ్గర హెల్పర్లుగా చేసినవాళ్లు, చెట్లెక్కి కాయలు దింపడం మానేసిన కొబ్బరి కార్మికులు బాగా పనికొచ్చారు. ఊరంతా నడిచి తిరిగే అలవాటు ఉంటుంది, కోపం తక్కువ. ఇద్దరినీ ఒకే కులం నుంచి, ఒకే వీధి నుంచి తీసుకోవద్దు. ఒకరు తప్పకుండా పేట నుంచి ఉండాలి.

ఆరు నెలల కాంట్రాక్టు రాయించండి, ఫలితం చూశాకే పొడిగించండి. దొంగతనాల సంఖ్యతో కొలవకండి. ఒక ఊళ్లో ఏడాదికి జరిగేవే కొద్ది, అవి ఏ కారణానికైనా పెరుగుతాయి, తగ్గుతాయి. తూము దగ్గర వారానికి ఎన్ని బస్తాలు తీశారో, ఆరిన దీపం ఎన్నో రోజున వెలిగిందో, రాత్రి ఫోన్ చేస్తే ఎంతసేపట్లో వచ్చారో రాయించండి. ఇవి మొదలుపెట్టక ముందు ఒక నెల మీరే లెక్కపెట్టి ఉంచుకోండి, లేకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

మీ ఊరు ఏటి గట్టుకు ఎంత దూరమో, పంచాయతీ కింద లంకలు ఏమైనా ఉన్నాయో మీరు రాయలేదు. లంక ఉంటే మాత్రం ఇద్దరిలో ఒకరు పడవ నడపగలిగినవాడై ఉండాలి, జీతం కూడా వేరేగా మాట్లాడుకోవాలి. తీర్మానం ముసాయిదా రాసుకున్నాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.